బొంతలో ఖాకీ ముక్క

మా నాయనమ్మకు అక్షరం ముక్క రాదు. అయినా మా ఇంట్లో ఎవరు ముందు పుట్టారు, ఎవరు ఏ ఏడు పోయారు అని ఎప్పుడు వాదన వచ్చినా ఆవిడే తీర్చేది. ట్రంకుపెట్టెలోంచి బొంత తీసి పంచలో పరిచి, ఒక్కో ముక్క మీద చెయ్యి పెట్టి చెప్పేది. "ఇది మీ తాత పంచె. ఇది మీ నాన్న పంతులుద్యోగంలో చేరిన రోజు తొడుక్కున్న చొక్కా. ఇది మీ అమ్మ పెళ్లిచీర." మా కుటుంబానికి రిజిస్టరు అంటే అదే. జగ్గయ్యపేటలో ఫొటో స్టూడియో మెట్లెక్కిన వాళ్లు మా పాలెం మొత్తం వెతికితే నలుగురు ఉంటారేమో. మాకు ఫొటోలు ఎక్కడివి, ఉన్నదల్లా ఆ బొంతే.

ఆ బొంత ఇప్పుడు లేదు. లేకుండా చేసింది నేనే. ఏళ్ల తరబడి టీచరుగా పనిచేసి, అబద్ధమాడిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన దాన్ని నేను. వాళ్లలో ఒక్కరు కూడా నా అంత పెద్ద అబద్ధం ఆడలేదు. అందరూ పోయాక ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను, ఏడ్చినట్టే ఉంది నా ధైర్యం.

మా నాన్న ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. అమ్మ పొలం పనులకు వెళ్లేది. నాన్నకు జీతం వస్తున్నా అమ్మ కూలి మానలేదు. ఎండలు ముదిరి పొలాల్లో పని లేని రోజుల్లో అత్తాకోడళ్లు బొంత ముందేసుకునేవాళ్లు. కింద మూడు పొరలు పాత చీరలు పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, ముడత లేకుండా లాగేవాళ్లు. పైన ఇంట్లోవాళ్ల బట్టల ముక్కలు. చీరల అంచుల్లోంచి పోగులు లాగి, నాయనమ్మ వాటిని తొడ మీద పేని దారం చేసేది. కొన్న దారం వాడితే ఆవిడకు కోపం.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ముక్క కుట్టే మనిషి మొదటి కుట్టు వేసేటప్పుడు అది ఎవరిదో పైకి చెప్పాలి. పక్కనున్నవాళ్లు వినాలి. పిల్లలం చుట్టూ చేరి వినేవాళ్లం. అలా వినే మా తాతల పేర్లు మాకు వచ్చాయి. పోయినవాళ్ల బట్టయితే ఏడాది దాటాకే బొంతలోకి తీసుకోవాలి. అప్పటిదాకా ట్రంకుపెట్టెలో అడుగున ఉంచాలి.

బొంత ఎడమ మూల అరచేయంత పసుపుపచ్చ ముక్క ఒకటి ఉండేది. నాకంటే ముందు పుట్టి, ఏడాది నిండకుండానే పోయిన మా అన్నయ్య చొక్కా గుడ్డ అది. ఆ మూలకు వచ్చేసరికి నాయనమ్మ నోరు మెదిపేది కాదు. అమ్మే చెప్పేది, "ఇది మా పెద్దాడిది" అని. అంతే, ఆ తర్వాత లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయేది. అన్నయ్య తాలూకు వస్తువు ఇంట్లో అదొక్కటే.

మా చిన్నాన్న లారీ క్లీనరుగా పనిచేసేవాడు. పెళ్లి కాలేదు. బెజవాడ, హైదరాబాదు తిరిగి, మధ్యలో ఇంటికి వస్తే నాకు శనగలో, గాజులో తెచ్చేవాడు. ఒకసారి ఒంట్లో నలతగా ఉండి కూడా లారీ ఎక్కుతానని బయల్దేరాడు. నాయనమ్మ వద్దంది. వినలేదు. గుమ్మంలో భుజం పట్టుకుని వెనక్కి లాగితే ఖాకీ చొక్కా పర్రున చిరిగింది. "చూడు, ఏం చేసావో. ఇప్పుడేం తొడుక్కుని పోవాల?" అని విసుక్కున్నాడు. ఉన్నది ఆ ఒక్క ఖాకీ చొక్కా. నాయనమ్మ సూది తీసుకుని, చిరుగు కింద గుడ్డ పెట్టి మాసిక వేసింది. ఖాకీ దారం లేక నీలం దారంతోనే కుట్టింది. కోపంలో కుట్టిందేమో, అది వేలెడు లావున గట్టిగా, ఎత్తుగా వచ్చింది. ఆ చొక్కా తొడుక్కుని వెళ్లినవాడు కీసర దగ్గర లారీ దిగి నడవలేక రోడ్డు పక్కన కూర్చుంటే, ఎవరో ఎడ్లబండి మీద ఇంటికి చేర్చారు. పచ్చకామెర్లు ముదిరిపోయాయి. వారం తిరక్కుండానే పోయాడు.

నాయనమ్మ ఆ చొక్కా ఉతికి, మడిచి, ట్రంకుపెట్టె అడుగున పెట్టింది. "ఏడాది దాటాక ఆ మాసిక ఉన్న ముక్కే బొంతలోకి రావాల" అంది. "నా కొడుక్కి నేను చేసిన ఆఖరి పని అదే."

ఈ మాట నేను చెవులారా విన్నాను. విననట్టు నటించడానికి కూడా వీల్లేదు.

ఆ ఏడాది నాన్నకు నందిగామ పక్కకు బదిలీ అయింది. మేం సామాను బండి మీద వేసుకుని నందిగామ వచ్చాం. నన్ను హైస్కూల్లో చేర్చారు. అవి అరవైల మొదటి రోజులు. నాకు పదమూడేళ్లు. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొడితే షావుకార్ల పిల్లలు తళతళలాడే సిల్వరు డబ్బాలు తీసేవాళ్లు. అల్యూమినియాన్ని మావైపు సిల్వరు అనే అంటారు. నాది సొట్టలు పడ్డ ఇత్తడి గిన్నె, పైన గుడ్డతో మూట. దాంట్లోంచి పులుసు కారి లెక్కల పుస్తకం తడిసేది. "ఇవాళ ఏం లెక్క, చింతపండు లెక్కా?" అని పక్క పిల్ల అంటే అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. నవ్వి, ఇంటికొచ్చి అమ్మ మీద విరుచుకుపడేదాన్ని.

ఒక శనివారం మిట్టమధ్యాహ్నం పాత బట్టలకు సిల్వరు సామాన్లు ఇచ్చే అతను మా వీధిలోకి వచ్చాడు. అమ్మ మిరపచేలోకి వెళ్లింది. నాకు ఒంటిపూట బడి, నాన్న ఇంకా తన బడిలోనే ఉన్నాడు. అప్పటికి రెండు కళ్లకూ శుక్లాలు కమ్మిన నాయనమ్మ పంచలో పడుకుని ఉంది. నేను నా రెండు పాత లంగాలు, ఒక దుప్పటి తీసుకెళ్లి గిన్నెలు, తట్టలు తోసేసి ఒక డబ్బా మీద చెయ్యి వేసా. పక్కన గొళ్లెం, పైన పిడి, లోపల కూరకు చిన్న గిన్నె. అతను లంగాలు ఎత్తి వెలుగుకు పట్టి చూసి పెదవి విరిచాడు.

"ఇవి చాలవమ్మాయ్. ఇంకో గట్టి బట్ట ఏదన్నా ఉంటే తే. ఖాకీ అయితే మరీ మంచిది."

అతను ఖాకీ అని ఎందుకన్నాడో తెలియదు. ఆ మాట అనకపోతే నాకు ఆ చొక్కా గుర్తుకొచ్చేది కాదని ఎన్నోసార్లు సర్దిచెప్పుకున్నాను. అదీ అబద్ధమే. లంగాలు తీసేటప్పుడే ట్రంకుపెట్టెలో అది నా చేతికి తగిలింది. ముందు తీసి, మళ్లీ పెట్టా. అతను అనేసరికి ఇక ఆగలేదు, తెచ్చి అతని చేతిలో పెట్టా. నాయనమ్మకు కళ్లు కనపడవు, ఏ ఖాకీ ముక్క వేసినా సరిపోతుంది అనుకున్నా. చూడండి నా తెలివి. కళ్లు కనపడనివాళ్లకు వేళ్లుంటాయని తోచలేదు.

డబ్బా ఎక్కడిదని అమ్మ అడిగింది. చేతిరాత పోటీలో బహుమతి వచ్చిందన్నాను. నాన్న పొంగిపోయాడు. హైస్కూలు మాస్టర్లను పలకరించాలంటే ఆయనకు బెరుకు, కాబట్టి అక్కడ అడిగే ప్రమాదం లేదు. "నా దస్తూరీయే వచ్చింది దీనికి" అని చర్చిలో అయ్యగారితో సహా అందరికీ చెప్పుకున్నాడు. ఆ పూట ప్రార్థనలో నాయనమ్మ నా పేరెత్తి దేవుడికి స్తోత్రం చెప్పింది. నేను కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను.

ఎండాకాలం వచ్చింది. నాయనమ్మ బొంత తీయించింది. "మీ చిన్నాన్నకి ఏడాది దాటింది. ముక్క నువ్వే కుట్టు. నా కళ్లు పని చెయ్యవు. మీ అమ్మకి మొన్న కొడవలి గీసుకుంది, చెయ్యి ఆడదు." నేను రెండురోజులు గడువు అడిగా, పరీక్ష ఉందని చెప్పి. బజార్లో బంట్రోతుల యూనిఫారాలు కుట్టే దర్జీ దగ్గరకెళ్లి ఖాకీ పీలిక ఒకటి అడిగి తెచ్చా. కొత్త గుడ్డ, గంజి పెట్టి అట్టలా ఉంది. దాన్ని చౌడుమట్టితో ఉడికించి, మున్నేట్లో బండమీద బాదా. మళ్లీ ఉడికించి మళ్లీ బాదా. చేతులు బొబ్బలెక్కాయి. అంత కష్టం జీవితంలో మంచిపని దేనికీ పడలేదు.

పంచలో బొంత పరిచారు. నాయనమ్మ పక్కన కూర్చుంది. అమ్మ ఎడమ మూల దగ్గర, పసుపు ముక్క మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను సూదిలో దారం ఎక్కించా.

"చెప్పి కుట్టవే" అంది నాయనమ్మ.

"ఇది మా చిన్నాన్న చొక్కా" అన్నా. నా గొంతు నాకే వినపడలేదు.

"గట్టిగా చెప్పు. నాకు చెవులూ పోతన్నాయి."

"ఇది మా చిన్నాన్న చొక్కా."

కుట్టడం అయ్యాక ఆవిడ ముక్క మీద చెయ్యి వేసింది. నిమిరింది. ఒక అంచు నుంచి ఇంకో అంచుదాకా వేళ్లు నడిపించింది. మళ్లీ నడిపించింది.

"మాసిక ఏదే?"

నేను ఈ ప్రశ్న అనుకోలేదంటే నమ్మండి. అన్నీ చేసాను, ఉడికించాను, బాదాను, మాసిక సంగతే మర్చిపోయా. నోటికొచ్చింది చెప్పేసా. "మాసిక ఉన్న వైపు లోపలికి మడిచి కుట్టా నాయనమ్మా. పైకి ఉంటే మళ్లీ చిరుగుద్దని."

"పోన్లే, లోపలన్నా ఉందిగా" అంది.

ఆ రోజు నుంచి మొదలైంది నా శిక్ష. సాయంత్రం పొద్దు వాలగానే నాయనమ్మ బొంత ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఖాకీ ముక్కను రెండు చేతుల మధ్య పెట్టి, పైన బొటనవేళ్లు, కింద వేళ్లు, నలిపి నలిపి చూసేది. లోపలున్న మాసిక ఎక్కడ తగులుతుందా అని. నేను ఎదురుగా కూర్చుని పాఠం చదువుకునేదాన్ని, అదే వాక్యం పదిసార్లు. ఒక్కోసారి ఆగి, "ఈ పక్కనా, ఆ పక్కనా?" అని అడిగేది. "మధ్యలో నాయనమ్మా" అనేదాన్ని. "నా వేళ్లు మొద్దుబారినయ్" అనుకునేది. తప్పు తన వేళ్లదే అనుకునేది. అప్పుడు చెప్పేస్తే పోయేది. రెండు దెబ్బలు వేసేది, ఏడ్చేది, ఊరుకునేది. నేను చెప్పలేదు. ఆ డబ్బా మూత తీస్తే అన్నం సయించేది కాదు. అయినా రోజూ దాన్నే బడికి పట్టుకెళ్లాను, తీసుకెళ్లకపోతే ఎందుకని అడుగుతారుగా.

అలా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో ఆవిడ వెతకని సాయంత్రం లేదు.

చివరికి నేనే తట్టుకోలేకపోయా. ఒక ఆదివారం కడుపునొప్పని చెప్పి చర్చికి వెళ్లకుండా ఇంట్లో ఉండిపోయా. అందరూ వెళ్లాక బొంత తీసి, ఖాకీ ముక్క ఒక పక్క కుట్లు ఊడదీసా. నా ఆకుపచ్చ పరికిణీ గుడ్డ ఒకటి వేలెడు లావున మడిచి, గట్టిగా కుట్టి, లోపలికి తోసి, మళ్లీ పైన కుట్టేసా. చర్చి నుంచి పాటలు వినపడుతూనే ఉన్నాయి. వాళ్లు ముగింపు ప్రార్థనకు వచ్చేలోపు పని అయిపోయింది.

ఆ సాయంత్రం నాయనమ్మ వేళ్లు ఒకచోట ఆగిపోయాయి. మళ్లీ వెనక్కి వచ్చి అక్కడే ఆగాయి.

"దొరికిందే" అంది. "ఒసే, దొరికింది. ఇదిగో, ఇక్కడుంది. నువ్వు చెప్పినట్టే మధ్యలోనే ఉంది." అమ్మను పిలిచింది, నాన్నను పిలిచింది. అందరి వేళ్లూ పట్టుకుని దాని మీద పెట్టించింది. ఆవిడ కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే నాన్న కండువాతో తుడిచాడు. "రెండేళ్లనుంచి నన్నేడిపించాడు వెధవ" అని నవ్వింది. ఆవిడ అలా నవ్వగా చూసి చాలా కాలమైంది. నాకు ఒక్క క్షణం, సిగ్గులేకుండా, మంచిపని చేశాననిపించింది. ఆ తర్వాత ఆవిడ నా తలమీద చెయ్యి వేసింది. అక్కడ కూర్చోలేక లేచి దొడ్లోకి వెళ్లిపోయా.

ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది నాయనమ్మ. వెతకడం లేదు ఇక. మాసిక మీద బొటనవేలు ఆనించుకుని పడుకునేది. నాన్నతో, అమ్మతో ఒకటే మాట చెప్పింది. "నేను పోతే ఆ ఖాకీ ముక్క కోసి నా చేతిలో పెట్టండి. మిగతా బొంత మీది. మీ పిల్లలది."

ఆవిడ పోయినప్పుడు నేను టీచరు ట్రైనింగులో ఉన్నా. కబురందుకుని బస్సెక్కి వచ్చేసరికి శవపెట్టె వచ్చేసింది. అయ్యగారు వాక్యం చదివి పక్కన నిలబడ్డారు. ఇంటినిండా జనం. అమ్మ బొంత తెచ్చి పెట్టె పక్కన పరిచింది. ఆవిడ చేతిలో బ్లేడు ఉంది.

"ఆ ముక్క కోస్తా" అంది అమ్మ. "ఆవిడ కోరిక."

అమ్మ ఖాకీ ముక్క దగ్గర కూర్చుని, అంచు కుట్టు వేలితో ఎత్తి బ్లేడు ఆనించింది. చుట్టూ పదిమంది ఆడవాళ్లు వంగి చూస్తున్నారు. ఇంకో నాలుగు కుట్లు తెగితే లోపలినుంచి నా ఆకుపచ్చ పరికిణీ గుడ్డ బయటికి వస్తుంది. అది నాదని అమ్మకు చూడగానే తెలుస్తుంది. ఆ గుడ్డ కొన్నది ఆవిడే. అప్పుడు చిన్నాన్న మాసిక ఏదంటారు, చొక్కా ఏదంటారు, చేతిరాత బహుమతి ఏదంటారు.

నేను అమ్మ మణికట్టు పట్టుకున్నా.

"కొయ్యొద్దమ్మా" అన్నా. "ముక్కలు చెయ్యొద్దు. బొంతంతా నాయనమ్మకే కప్పి పంపిద్దాం. ఇదంతా ఆవిడదే. ఆవిడతోనే పోనీ."

ఎక్కడినుంచి వచ్చిందో ఏడుపు కూడా వచ్చింది. అది మాత్రం నటన కాదు, భయంతో వచ్చిన ఏడుపు. చూసినవాళ్లు ప్రేమ అనుకున్నారు. నాన్న వెంటనే తల ఊపాడు. "పిల్ల చెప్పింది నిజమే. అమ్మది అమ్మకే ఇద్దాం" అన్నాడు. అయ్యగారు కూడా మంచి మాటన్నారు. ఒకావిడ ముక్కు చీదుతూ, "ఎంత ప్రేమమ్మా నాయనమ్మంటే" అంది.

అమ్మ నా మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. బ్లేడు చేతిలోనే ఉంది. చుట్టూ జనాన్ని చూసి, బ్లేడును కాగితంలో చుట్టి రొంటిన పెట్టుకుంది. బొంత నాయనమ్మ మీద కప్పి, అంచులు లోపలికి మడిచింది. ఎడమ మూల మాత్రం చాలాసేపు పట్టుకుని ఉంది. మేకులు కొట్టేవాళ్లు, "జరుగమ్మా" అంటే జరిగింది.

మా తాత పంచె, అమ్మ పెళ్లిచీర, నాన్న చొక్కా, అన్నీ మట్టిలోకి వెళ్లిపోయాయి. నా అబద్ధం బయటపడకుండా ఉండటానికి అందర్నీ పూడ్చిపెట్టా. నలుగురూ నన్ను మెచ్చుకుంటుండగా తలవంచుకుని పిడికెడు మట్టి వేసా.

సమాధుల దగ్గర్నుంచి తిరిగొస్తూ నేనూ అమ్మా వెనకబడ్డాం. మిరపచేల పక్కన నడుస్తున్నాం. అమ్మ నా వైపు చూడకుండానే అంది.

"పెద్దాడి ముక్క కూడా కోసుకుందామనుకున్నానే. బ్లేడు అందుకే తెచ్చా. మీ నాయనమ్మ ముక్క కోసాక, ఆ మూల నేను తీసుకుందామని." కాస్త ఆగి, "పోన్లే. నువ్వు అంత ఏడుస్తుంటే ఎట్టా అడిగేది" అంది.

అప్పుడూ చెప్పలేదు. ఆవిడ ముందు నడుస్తుంటే వెనకాల నడిచా.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. నేను ఉద్యోగం చేసి ఆవిడకు మంచి దుప్పట్లు కొన్నాను, రగ్గులు కొన్నాను. ఏది కప్పినా ముందు దాని ఎడమ మూల వెతికి పట్టుకునేది. బొటనవేలితో రాస్తూ రాస్తూ నిద్రపోయేది. ఏం వెతుకుతున్నావమ్మా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు.